డిప్రెషన్‌లో ఉన్నప్పుడు "నేను ఇక్కడ లేనట్టుంది" అనిపిస్తే: అప్పటికప్పుడు ఏం చెయ్యాలి, రోజువారీ ఏం మార్చాలి?

గౌతమి_తీరం

మా కాలేజీ హాస్టల్లో తోటి విద్యార్థుల సహాయ బృందం కోసం ఒక పేజీ తయారుచేస్తున్నాం. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్లు తరచూ చెప్పే మాటలు ఇవి: "అద్దంలో ఉన్నది నేనే అని తెలుసు, కానీ నేననిపించడం లేదు", "ఎదుటివాళ్ల మాట ఎక్కడో దూరం నుంచి వస్తోంది", "క్లాసంతా ఎవరికో జరిగినట్టు జరిగిపోయింది", "అమ్మ ఫోన్ చేసినా లోపల ఏమీ కదల్లేదు". ధైర్యం చెప్పే మాటలు మా దగ్గర చాలానే ఉన్నాయి. ఆ నిమిషంలో ఏం చెయ్యాలి, ఎంతసేపు చెయ్యాలి, ఏది చేస్తే ఎదురు తిరుగుతుంది, ఇవి కావాలి. తెలిసినవాళ్లు దయచేసి కొలతలతో సహా రాయండి.

వాల్తేరు_సిస్టర్ · సైకియాట్రీ నర్సింగ్

గౌతమి గారూ, పేజీలో మొదటి వాక్యంగా "ఇది పిచ్చి పట్టడం కాదు" అని పెట్టండి. ఆ భయమే చాలామందిని నోరు విప్పనివ్వదు. తను తను కానట్టు అనిపించడాన్ని డీపర్సనలైజేషన్ అంటారు, చుట్టూ ఉన్నది నిజం కానట్టు అనిపించడాన్ని డీరియలైజేషన్ అంటారు. రెండూ డిసోసియేషన్ (తన నుంచో చుట్టూ ఉన్నదాని నుంచో తెగిపోయినట్టు ఉండడం) కిందికే వస్తాయి. రెండింటిలోనూ "అలా అనిపిస్తోందే గానీ నిజంగా అలా లేదు" అన్న ఎరుక ఉంటుంది. ఆ ఎరుక పోయి, లోకం నిజంగానే నకిలీదని గట్టిగా నమ్మడం గానీ, ఎవరూ లేకుండా మాటలు వినిపించడం గానీ మొదలైతే అది వేరే దారి. అప్పుడు ఆగకుండా సైకియాట్రిస్టుకి చూపించాలి.

ఇక చిట్కాల సంగతి. ఒకే చిట్కా అందరికీ ఇస్తేనే గొడవ మొదలవుతుంది. డిసోసియేషన్ వచ్చినప్పుడు ఒళ్లు ఏ స్థితిలో ఉందో ముందు చూడాలి. నేను వీటిని దడ రకం, మొద్దు రకం అని విడగొట్టి చెబుతాను.

దడ రకంలో గుండె వేగంగా కొట్టుకుంటుంది, నాడి తరచూ నిమిషానికి 100 దాటుతుంది. ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. వేళ్ల కొసలు, పెదాల చుట్టూ తిమ్మిరిగా ఉంటుంది. మొద్దు రకంలో నాడి మామూలుగానే ఉంటుంది, ఒళ్లు బరువు, చూపు ఒకేచోట నిలిచిపోతుంది, పిలిస్తే పలకడానికి రెండు మూడు సెకన్లు ఆలస్యం, ఆకలి దాహం తెలియవు. డిప్రెషన్ బాగా ఉన్నవాళ్లు తరచూ చెప్పేది ఈ రెండోదే.

మొదటిదానికి నెమ్మది చేసేవి కావాలి, రెండోదానికి లేపేవి కావాలి. తారుమారు చేస్తే పని చెడుతుంది. మొద్దుగా ఉన్న మనిషికి లైటు ఆపి "కాసేపు కళ్లు మూసుకుని పడుకో" అంటే ఇంకా లోపలికి జారిపోతారు.

మొద్దు రకానికి: ముందు లైటు వెయ్యండి. పడుకుని ఉంటే లేచి కూర్చుని ఒక నిమిషం ఆగి అప్పుడు నిలబడాలి, ఎందుకంటే ఈ మందుల్లో కొన్నిటికి లేవగానే బీపీ పడిపోయే గుణం ఉంది. చెప్పులు తీసేసి పాదాలు గచ్చు మీద ఆనించి, మడమలు 5 సెకన్లు గట్టిగా అదిమి వదలాలి, అలా 5 సార్లు. తర్వాత గోడకి రెండు అరచేతులూ ఆనించి గోడని జరపబోతున్నట్టు 10 సెకన్లు నెట్టాలి, ఇదీ 5 సార్లే. కండరం బిగిసి వదులైనప్పుడు కీళ్ల నుంచీ కండరాల నుంచీ మెదడుకి ఒంటి ఉనికి గట్టిగా తెలుస్తుంది. చేతిని మెల్లగా నిమురుకుంటే అంత తెలియదు. ఆ తర్వాత మొహం మీదా మణికట్ల మీదా చన్నీళ్లు. నోట్లో సన్నటి అల్లం ముక్కో, రెండు మిరియాలో, ఉప్పద్దిన ఉసిరి ముక్కో వేసుకుని నిలబడే నమలాలి. అంతా కలిపి పది నిమిషాలు మించొద్దు. పోయినా పోకపోయినా అక్కడితో ఆపి ఒక చిన్న పనిలోకి వెళ్లాలి.

దడ రకానికి: ఊపిరి పెద్దగా తియ్యొద్దు, ఇది చాలా ముఖ్యం. ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా తీసి 6 లెక్కపెట్టేదాకా వదలాలి, 5 నిమిషాలు. నిమిషానికి 6 ఊపిర్లు అవుతాయి. "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని పక్కవాళ్లు చెప్పే సలహా ఇక్కడ చెరుపు చేస్తుంది. అతిగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు రక్తనాళాలు సన్నబడతాయి. తల తేలిపోతుంది, అంతా నిజం కానట్టు ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది. కాగితం సంచిలో ఊపిరి పీల్చడం కూడా వద్దు, ఆస్తమా గానీ గుండె జబ్బు గానీ ఉంటే ప్రమాదం.

పెద్దపల్లి_పోరడు

మంచిగ చెప్పిండ్రు అక్కా. ఒక్కటి అడుగుత. ప్రాణాయామం చేస్తే తగ్గుతదని అందరు అంటరు, ధ్యానం శిబిరాలకు పొమ్మంటరు. ఈ ఇబ్బంది ఉన్నోళ్లు ఏది చెయ్యాలె, ఏది వద్దు?

వాగ్దేవి_క్లినికల్ · క్లినికల్ సైకాలజీ

తమ్ముడూ, భస్త్రిక, కపాలభాతి ఈ సమస్య ఉన్నన్నాళ్లూ పక్కన పెట్టడం మంచిది. వేగంగా ఊపిరి ఆడించే పద్ధతులు కాబట్టి సిస్టర్ గారు చెప్పిన కార్బన్ డయాక్సైడ్ గొడవే వస్తుంది. ఊపిరి బిగపట్టే కుంభకం కూడా వద్దు. భ్రామరి, అంటే తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం, పనికొస్తుంది, కాకపోతే కళ్లు తెరుచుకుని, చెవులు మూసుకోకుండా చెయ్యాలి. పెదాలు, ముక్కు దూలం, దవడ అదరడం స్పష్టంగా తెలుస్తుంది. 5 నుంచి 7 సార్లు చాలు.

కళ్లు మూసుకుని గంటలకొద్దీ లోపలికి చూసే ధ్యానం విషయంలో గట్టిగానే చెబుతాను. డిప్రెషన్ తీవ్రంగా ఉండి, డిసోసియేషన్ కూడా ఉన్నప్పుడు 10 రోజుల మౌన శిబిరాలకి వెళ్లకండి. "నేను ఎవరిని, ఈ ఒళ్లు నాదేనా" అన్న చూపు ఇప్పటికే ఎక్కువై ఇబ్బంది పడుతున్న మనిషికి అదే చూపుని రోజుకి పది గంటలు ఇస్తే సమస్య పెరగొచ్చు. ధ్యానం కావాలంటే కళ్లు తెరిచి నడుస్తూ, ఏ కాలు నేల తాకుతోందో గమనిస్తూ, 10 నిమిషాలు.

ఇక అందరూ చెప్పే 5-4-3-2-1 పద్ధతి. కనిపించేవి 5, తాకేవి 4, వినిపించేవి 3, వాసన వచ్చేవి 2, రుచి 1. పద్ధతిలో తప్పు లేదు, చేసే తీరులో ఉంటుంది. "నాకు పనిచెయ్యలేదు" అనేవాళ్లు చేసే తీరు దాదాపు ఒకటే: మంచం మీద పడుకుని, మనసులోనే, ఫ్యాను, గోడ, కిటికీ, ఫోను, తలుపు అని లిస్టు చదివేస్తారు. ప్రతి పేరు తర్వాతా "పోయిందా?" అని లోపలికి తొంగి చూస్తారు. అలా చూసిన ప్రతిసారీ దృష్టి బయటి నుంచి మళ్లీ లోపలికే వెళ్తుంది.

సరిగ్గా చెయ్యాలంటే నిలబడి, పైకి మాట్లాడుతూ, ఒక్కో వస్తువుకి ఒక వివరం చేర్చాలి. "గ్లాసు" అని వదిలెయ్యకుండా "స్టీలు గ్లాసు, అంచు దగ్గర సొట్ట, అడుగున గీసిన పేరు, బయట చెమట పట్టి నీటి చుక్కలు, పట్టుకుంటే బొటనవేలి దగ్గర చల్లగా ఉంది". ఒక్క గ్లాసు దగ్గరే నిమిషం గడవాలి. అయిదు లెక్క పూర్తి కాకపోయినా పరవాలేదు.

దీనికంటే కూడా చేతులకీ కంటికీ లెక్కకీ కలిపి పనిచెప్పేవి ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. ముగ్గు చక్కగా సరిపోతుంది. 7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేవరకు పెడితే మొత్తం 37 చుక్కలు. కాగితం మీద పెన్నుతో వేసినా సరే. ఒక్క చుక్క తప్పినా గీత కలవదు కాబట్టి దృష్టి బయటే ఉంటుంది. ముగ్గు రానివాళ్లు బియ్యంలో రాళ్లు ఏరొచ్చు, చింతపండులో పిక్కలు తియ్యొచ్చు, పూలు గుచ్చొచ్చు. కత్తి, కత్తిపీట పనులు మాత్రం ఆ సమయంలో వద్దు.

రాయలచెరువు_రాణి

వాసన గురించి కూడా రాయండి. జేబులో పట్టే చిన్న డబ్బా పెట్టుకోమని అంటుంటారు కదా.

వాల్తేరు_సిస్టర్

అవును రాణీ గారు. వాసన కబురు మిగతా ఇంద్రియాల దారిలో తిరగకుండా నేరుగా భావోద్వేగాలు చూసే మెదడు భాగాలకి వెళ్తుంది, అందుకే మొద్దు రకంలో తొందరగా పనిచేస్తుంది. కాఫీ పొడి, నలిపిన కరివేపాకు, ఏలకులు, లేదా అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో మొదలుపెట్టినప్పటి నుంచీ మన ఇళ్లలో ఉన్నదే కాబట్టి వెతకక్కర్లేదు. రెండు జాగ్రత్తలు. పాత చేదు అనుభవానికి ముడిపడిన వాసన వద్దు; ఆసుపత్రి వాసనో, ఫలానా అత్తరో కొందరిని నేరుగా ఆ రోజుకి తీసుకుపోతుంది. రోజంతా పూసుకుంటే ముక్కు అలవాటు పడిపోయి ఏమీ తెలియదు, అవసరమైనప్పుడే మూత తియ్యాలి.

చిక్కడపల్లి_చందు

చేతికి రబ్బరు బ్యాండు వేసుకుని లాగి వదలడం, ఐసు ముక్క గట్టిగా పట్టుకోవడం కూడా చెబుతారు. అవి రాయొచ్చా?

వాగ్దేవి_క్లినికల్

రబ్బరు బ్యాండు రాయకండి చందు గారు. నొప్పితో తెలివి తెచ్చుకునే అలవాటు పడితే రానురాను ఎక్కువ నొప్పి కావాల్సి వస్తుంది. తనని తాను గాయపరచుకునే ఆలోచనలున్న పిల్లలకి అది దారి చూపించినట్టే. ఐసు పరవాలేదు, పల్చటి గుడ్డలో చుట్టి అరచేతిలో 30 సెకన్లు, చేతులు మార్చి ఇంకో 30. నొప్పి పుడితే వదిలెయ్యాలి. చలి తెలియడం వరకే మనకి కావాల్సింది.

దడ రకంలో మొహానికి ఐసు నీళ్ల పద్ధతి వేరు: ఊపిరి ఆపి నుదురు, కళ్లు, బుగ్గలు చన్నీళ్లలో 15 నుంచి 30 సెకన్లు ముంచితే గుండె వేగం తగ్గుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, నాడి మామూలుగానే నెమ్మదిగా ఉండేవాళ్లు, తిండి మానేసి బాగా చిక్కిపోయినవాళ్లు, ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు (గుండె వేగం తగ్గించే మందులు) వాడేవాళ్లు ఇది చెయ్యకూడదు. ప్రొప్రనలాల్ దడ తగ్గడానికి మన దగ్గర తరచూ రాస్తారు, కాబట్టి అడగకుండా చెప్పొద్దు.

గౌతమి_తీరం

చాలా ఉపయోగంగా ఉంది. మందుల వల్లే ఇలా అవుతోందని కొందరు మానేస్తున్నారు. దాని మీద ఎవరైనా?

మందుల_చీటీ · ఫార్మసీ

గౌతమి గారూ, మూడు వేరు సంగతులు కలిసిపోతున్నాయి, విడదీసి రాయండి.

మొదటిది, మందు మొదలైన తొలి రోజులు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూక్సెటిన్ లాంటివి మొదటి ఒకటి రెండు వారాల్లో కొందరికి అలజడి, నిద్ర తక్కువ కావడం తెస్తాయి, దాంతో డిసోసియేషన్ పెరిగినట్టు ఉంటుంది. గుణం 2 నుంచి 4 వారాల్లో మొదలవుతుంది, పనిచేసిందా లేదా అన్నది 6 నుంచి 8 వారాలకి తేలుస్తారు. కానీ 25 ఏళ్ల లోపువాళ్లలో ఈ తొలి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది, కాబట్టి అలజడి బాగా ఎక్కువైతే 6 వారాలు ఆగమని కాదు, ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి.

రెండోది, నెలలు గడిచాక వచ్చే మొద్దుతనం. ఏడుపూ రాదు, సంతోషమూ రాదు. ఇది మందు మోతాదుతో ముడిపడి ఉండొచ్చు, లేదా డిప్రెషన్ ఇంకా పూర్తిగా తగ్గకపోవడం కావొచ్చు. మోతాదు పెంచాక పెరిగిందా, అంతకుముందే ఉందా అన్న తేదీ రాసి చూపిస్తే డాక్టరుకి తేల్చడం సులువు.

మూడోది, మానేయడం వల్ల వచ్చేది. ఎక్కువ గొడవ ఇక్కడే. వెన్‌లాఫాక్సిన్, పారోక్సెటిన్ ఒంట్లోంచి తొందరగా పోతాయి. ఒకటి రెండు రోజులు మర్చిపోయినా తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం, పరిసరాలు నిజం కానట్టు ఉండడం వస్తాయి. ఫ్లూక్సెటిన్ నెమ్మదిగా పోతుంది కాబట్టి అంత ఉండదు. సెలవులకి ఊరెళ్లి స్ట్రిప్పు హాస్టల్లో మర్చిపోవడం ఇలాంటి వాటికి మామూలు కారణం. సంచి సర్దేటప్పుడు మొదట మందులే పెట్టమనండి.

అల్ప్రజోలామ్, క్లోనజెపామ్ గురించి విడిగా. దడకి తొందరగా పనిచేస్తాయి గానీ మొద్దు రకాన్ని ఇంకా మొద్దు చేస్తాయి. రెండు నుంచి నాలుగు వారాలు దాటి రోజూ వాడితే అలవాటు పడే ప్రమాదం ఉంది. ఒక్కసారిగా ఆపితే డీరియలైజేషన్ తిరగబడుతుంది, ఫిట్స్ కూడా రావొచ్చు. చీటీ లేకుండా స్నేహితుడి స్ట్రిప్పులోంచి తీసుకోవడం అసలు వద్దు.

డిసోసియేషన్‌కే అని ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇప్పటికి లేదు. మూర్ఛకి వాడే లామోట్రిజిన్‌ని కొందరు డాక్టర్లు డిప్రెషన్ మందుకి జతచేసి చూస్తారు, పరిశోధనల ఫలితాలు ఒకే మాట మీద లేవు. అది రాస్తే మామూలుగా మొదటి 2 వారాలు రోజుకి 25 మిల్లీగ్రాములు, తర్వాత 2 వారాలు 50, అలా మెల్లగానే ఎక్కిస్తారు. వాల్‌ప్రోయేట్ (ఇంకో మూర్ఛ మందు) వాడుతుంటే ఇంకా తక్కువతో మొదలుపెడతారు. తొందరపడి ఎక్కిస్తే ప్రాణం మీదికి తెచ్చే చర్మవ్యాధి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఒంటి మీద దద్దురు గానీ నోట్లో పుళ్లు గానీ కనిపిస్తే ఆ రోజే డాక్టరుని కలవాలి. కొన్ని రోజులు మానేసి మళ్లీ పాత మోతాదుకే వెళ్లడం కూడా అంతే ప్రమాదం, డాక్టరుని అడిగి మొదటి నుంచి ఎక్కించుకోవాలి.

చాలామందికి తెలియనిది ఒకటుంది. పొడి దగ్గు సిరప్పుల్లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉంటుంది. మోతాదు మించితే అదే డిసోసియేషన్ తెస్తుంది, డిప్రెషన్ మందులతో కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం అతిగా పెరిగే ప్రమాదం కూడా ఉంది. నొప్పికిచ్చే ట్రమడాల్‌తోనూ ఇదే గొడవ. దగ్గు మందు కొనేటప్పుడు "నేను ఫలానా మాత్ర వాడుతున్నాను" అని కౌంటరు దగ్గర చెప్పమని రాయండి.

పెద్దపల్లి_పోరడు

డిప్రెషన్ గాకుండ వేరే దానివల్ల గూడ వస్తదా ఇది? పరీక్షలు ఏమన్న చేయించాల్నా?

వాల్తేరు_సిస్టర్

వస్తుంది తమ్ముడూ. నిద్ర లేకపోవడం, గంజాయి, మైగ్రేన్, పానిక్ అటాకులు, చిన్నప్పటి హింస తాలూకు గాయాలు, మూర్ఛ. డాక్టర్లు సాధారణంగా చూసేవి హిమోగ్లోబిన్, థైరాయిడ్ టీఎస్‌హెచ్, షుగరు, విటమిన్ బి12. శాకాహారులూ, మెట్‌ఫార్మిన్ (షుగరు మాత్ర) ఏళ్లుగా వాడేవాళ్లూ బి12 తప్పకుండా చూపించుకోవాలి.

మూర్ఛ అనుమానం ఎప్పుడంటే: ఉన్నట్టుండి వచ్చి కొన్ని సెకన్ల నుంచి రెండు నిమిషాల్లో పోవడం, ప్రతిసారీ అచ్చంగా ఒకేలా ఉండడం, ముందు కాలిన రబ్బరు లాంటి లేని వాసన రావడం, కడుపులోంచి ఏదో పైకి లేచినట్టుండడం, పెదాలు చప్పరించడం, తర్వాత కాసేపు అయోమయం. ఇలా ఉంటే ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) కావాలి. చూసినవాళ్లు ఫోన్‌లో వీడియో తీస్తే న్యూరాలజిస్టుకి చాలా సాయం.

డీపర్సనలైజేషన్ సమస్య సగటున 16 ఏళ్ల ప్రాంతంలో మొదలవుతుంది, 25 దాటాక తొలిసారి రావడం అరుదు. 40 దాటిన మనిషికి కొత్తగా వస్తే డిప్రెషన్ అని సరిపెట్టకుండా పరీక్షలు చేయించాలి. అలాగే గంటలు గంటలు ఏం చేశారో గుర్తులేకపోవడం, తెలియని చోట తేలడం ఉంటే అది డీపర్సనలైజేషన్ ఒక్కటే కాదు, డాక్టరుకి ఆ మాట ముందుగా చెప్పాలి.

నిర్వాహక_బృందం

చర్చ బాగా నడుస్తోంది, మధ్యలో ఒక ముఖ్యమైన విషయం. డిప్రెషన్, డిసోసియేషన్ కలిసి ఉన్నప్పుడు చావు ఆలోచనల గురించి నేరుగా అడగాలి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఏమీ అనిపించని స్థితిలో నొప్పి భయం, ఇంట్లోవాళ్లు గుర్తుకు రావడం లాంటి అడ్డుకట్టలు సడలిపోవచ్చు. మనిషి ప్రశాంతంగా కనిపించినంత మాత్రాన ప్రమాదం లేదని అనుకోవద్దు.

టెలిమానస్ నంబరు 14416, లేదా 1800-891-4416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వస్తే 108 లేదా 112. మందులు వారానికి సరిపడా మాత్రమే ఆ మనిషి దగ్గర ఉంచి మిగతావి వార్డెన్ దగ్గరో ఇంట్లోవాళ్ల దగ్గరో తాళంలో పెట్టాలి. వ్యవసాయం చేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు ఇంటి లోపల ఉంచకూడదు, విడిగా తాళం వేసి ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చెయ్యొద్దు.

రాయలచెరువు_రాణి

అప్పటికప్పుడు చేసేవి సరే. అసలు రావడమే తగ్గాలంటే?

వాగ్దేవి_క్లినికల్

నా దృష్టిలో అసలు పని ఇక్కడే ఉంది. భారం మించినప్పుడు మెదడు ఫ్యూజు ఎగరగొట్టినట్టు అనుభూతిని ఆపేస్తుంది. ఇంటి వైరింగు సరిచెయ్యకుండా ఫ్యూజుని పదేపదే పీకి చూస్తుంటే లాభం లేదు.

పదేపదే చూసుకోవడం అంటే ఇవి: అద్దం ముందు నిలబడి "నేనేనా" అని చూడడం, బుగ్గ గిల్లుకోవడం, పాత ఫోటోలు తీసి అప్పటి అనుభూతి వస్తుందా అని పరీక్షించడం, రాత్రిళ్లు లక్షణాల గురించి ఫోన్‌లో వెతకడం, "ఇవాళ నిన్నటికంటే నయమా" అని గంటగంటకీ లెక్కకట్టడం. ఇవన్నీ సమస్యని సజీవంగా ఉంచుతాయి. ఒక్కసారిగా మానెయ్యమంటే కుదరదు, వాయిదా వెయ్యమనండి. రోజుకి ఒక్కసారి, సాయంత్రం 6 గంటలకి, 10 నిమిషాలు, కాగితం మీద. మధ్యలో చూసుకోవాలనిపిస్తే "ఆరింటికి" అనుకుని చేతిలో ఉన్న పనికి తిరిగి రావాలి.

కాగితంలో ఏడు గళ్లు చాలు: ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు, 0 నుంచి 10లో ఎంత, దడా మొద్దా, ముందు రాత్రి ఎన్ని గంటల నిద్ర, చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఏం చేశారు. రెండు వారాలు రాస్తే తీరు బయటపడుతుంది. నిద్ర 5 గంటలకి తగ్గిన మర్నాడా, టిఫిన్ మానేసి మూడో కాఫీ తాగిన పూటా, గొడవ జరిగిన సాయంత్రమా అన్నది కనిపిస్తే ఏది సరిచెయ్యాలో తెలుస్తుంది. కాఫీ, టీలు కలిపి రెండు కప్పులు, మధ్యాహ్నం 2 తర్వాత వద్దు.

డిప్రెషన్ కోసం పనుల పట్టిక. "సంతోషం ఇచ్చే పనులు చెయ్యి" అంటే డిసోసియేషన్ ఉన్నవాళ్లు విఫలమవుతారు, ఎందుకంటే పని చేసినా సంతోషం తెలియదు, అది తెలియలేదని ఇంకా కుంగిపోతారు. అందుకని ఏమనిపించిందో చూడకుండా, చేశామా లేదా అన్నదానికే టిక్కు పెట్టాలి. రోజుకి మూడు పనులు: ఒంటికి ఒకటి, అంటే 15 నిమిషాల నడక, స్నానం లాంటిది. చేతికి ఒకటి, బట్టలు మడతపెట్టడం, మొక్కలకి నీళ్లు. మనిషికి ఒకటి, పక్కగదిలో కూర్చుని టీ తాగడం, మాట్లాడకపోయినా సరే. మొదటి వారం చాలా చిన్నవిగా పెట్టాలి. రోజూ గంట నడక అని రాసుకున్న పట్టిక మూడో రోజుకి మూలపడుతుంది.

చిక్కడపల్లి_చందు

బండి మీద ఉండగా వస్తే? వంట చేస్తుండగా?

వాల్తేరు_సిస్టర్

బండి: ఎడమ ఇండికేటరు, పక్కకి ఆపి, ఇంజను ఆపి, హెల్మెట్ తీసి, రెండు పాదాలూ నేల మీద పెట్టి గోడ దొరికితే నెట్టాలి. 10 నిమిషాల తర్వాత కూడా దూరాలు సరిగ్గా అంచనా దొరకకపోతే తాళం జేబులో వేసుకుని ఎవరినైనా పిలవాలి. కొత్త మందు మొదలైనప్పుడు, మోతాదు పెరిగినప్పుడు మొదటి వారం బండి తియ్యకపోవడం మంచిది.

వంట: గ్యాసు ఆపడమే మొదటి పని, మిగతావన్నీ తర్వాత. కాగిన నూనె పనులు ఆ రోజుకి వాయిదా. హాస్టళ్లలో ఇంకో ప్రమాదం ఉంది, బకెట్లో పెట్టే వాటర్ హీటరు రాడ్. స్విచ్ ఆపకుండా నీళ్లలో చెయ్యి పెట్టేది ఇలాంటి పరధ్యానంలోనే. ఈ సమస్య ఉన్న పిల్లల గదిలో రాడ్ లేకుండా చూడండి.

రాయలచెరువు_రాణి

ఇంట్లోవాళ్లు గాలి సోకిందని, దిష్టి తగిలిందని అంటారు. వాళ్లకి ఎలా చెప్పాలి?

వాగ్దేవి_క్లినికల్

వాదన వద్దండి. దిష్టి తియ్యడం వల్ల నష్టమేమీ లేదు, పొగా ఘాటూ అతిగా లేకపోతే. నష్టం చేసేవి వేరే ఉన్నాయి: మందు ఆపించడం, కొట్టడం, గదిలో పెట్టి తాళం వెయ్యడం, రోజులకొద్దీ ఉపవాసం, రాత్రంతా మేలుకోవడం. శివరాత్రి జాగారం, కార్తీకంలో పూర్తి ఉపవాసం ఈ ఏడాదికి మానమని డాక్టరు చేత చెప్పిస్తే పెద్దవాళ్లు వింటారు. రంజాన్ ఉపవాసం ఉండాలనుకునేవాళ్లు మాత్రల వేళలు నెల మొదలవకముందే డాక్టరుతో మార్పించుకోవాలి.

పక్కనున్నవాళ్లు చెయ్యాల్సింది: ఎదురుగా వచ్చి పేరుతో పిలవడం, వెనక నుంచి భుజం పట్టుకుని కుదపకపోవడం. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకూడదు. "ఇవాళ గురువారం, మధ్యాహ్నం అయింది, మనం వంటింట్లో ఉన్నాం, ఈ గ్లాసు పట్టుకో" అని పొట్టి మాటల్లో చెప్పాలి. తర్వాత ఒక్క పని: "ఈ బట్టలు నాతో మడతపెట్టు".

గౌతమి_తీరం

డాక్టరు దగ్గర చాలామంది "ఏదోలా ఉంది" అని ఆగిపోతున్నారు. ఏం చెప్పాలో నాలుగు మాటలు ఇవ్వగలరా? ఎక్కడికి వెళ్లాలో కూడా.

వాల్తేరు_సిస్టర్

కాగితం మీద రాసుకెళ్లమనండి, గదిలోకి వెళ్లాక మాట రాదు. "రోజుకి ఇన్నిసార్లు, ఒక్కోసారి ఇంతసేపు నేను నన్ను బయటి నుంచి చూస్తున్నట్టు ఉంటుంది. అది నిజం కాదని నాకు తెలుసు. డిప్రెషన్ పెరిగినప్పుడు ఇది పెరుగుతోంది", లేదా "డిప్రెషన్ తగ్గినా ఇది తగ్గలేదు". ఈ చివరి ముక్క చాలా అవసరం. డిప్రెషన్‌తో పాటే పెరిగి తగ్గితే ముందు డిప్రెషన్‌కే గట్టిగా వైద్యం చేస్తారు. విడిగా నిలిచిపోతే దానికి వేరే చికిత్స ప్రణాళిక కావాలి. డిప్రెషన్ కొలవడానికి పీహెచ్‌క్యూ-9 ఉంది, 9 ప్రశ్నలు, 27 మార్కులు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుకి చూపించాలి. డీపర్సనలైజేషన్‌కి 2000లో వచ్చిన కేంబ్రిడ్జ్ స్కేలులో 29 ప్రశ్నలు, గరిష్ఠంగా 290, 70 దగ్గర నుంచి అనుమానిస్తారు. రెండూ వారం వారం సొంతంగా వేసుకుంటూ కూర్చునేవి కావు, డాక్టరుతో కలిసి చూసేవి.

ఎక్కడికంటే: ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల. క్లిష్టమైనవాటికి బెంగళూరు నిమ్హాన్స్. అమెరికాలో చదువుతున్న మన పిల్లలకి 988, ఇంగ్లండ్‌లో 111కి చేసి 2 నొక్కితే మానసిక అత్యవసర సేవ.

గౌతమి_తీరం

ఆఖరిది. పరీక్ష హాల్లో వస్తే? మాకు సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి.

వాగ్దేవి_క్లినికల్

ముందు రాత్రి 6 గంటలైనా నిద్ర, పొద్దున ఇడ్లీ ఉప్మా ఏదో ఒకటి తిని వెళ్లాలి. మాత్ర మామూలు వేళకే. హాల్లో వస్తే పెన్ను కింద పెట్టి, రెండు మడమలూ నేలకి అదిమి 5 సెకన్లు, 5 సార్లు. బెంచీ అడుగు భాగాన్ని రెండు చేతులతో పైకి లాగి 10 సెకన్లు. ఇన్విజిలేటరుని నీళ్లు అడిగి తాగాలి. తర్వాత హాల్ టికెట్ మీద పేరు, నంబరు, తేదీ పెదాలు కదిలేలా చదువుకుని, ఇప్పుడు రాస్తున్న ప్రశ్నని చిత్తు పనికి వదిలిన చోట చేత్తో తిరిగి రాసుకోవాలి. రాస్తుంటే జవాబు వస్తుంది, అది తను రాసినట్టు అనిపించకపోయినా సరే. పెద్ద ప్రశ్న దగ్గర ఆగిపోకుండా రెండు మార్కుల ప్రశ్నలకి వెళ్లమనండి. అన్నీ అయ్యాక "నేను సరిగ్గానే రాశానా" అని గదికొచ్చి స్నేహితులతో పేపరు మళ్లీ చెయ్యొద్దు, తిని పడుకోవాలి.